ఇంటి బీమా – నష్టాన్ని కొలిచే పద్ధతి: మన జిల్లా అనుభవం

మన సంఘ సభ్యులలో ఎక్కువమందికి ఉన్న స్థిరాస్తి ఒక్కటే, అది ఇల్లు. కమ్యుటేషన్ సొమ్ము, గ్రాట్యుటీ, జి.పి.ఎఫ్. చివరి మొత్తం, అవీ చాలక బ్యాంకు అప్పు, అన్నీ కలిస్తే ఆ గోడలు లేచాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఒకసారి కట్టడమే అంత కష్టమైతే, డెబ్బై ఏళ్ళు దాటాక రెండోసారి కట్టగల శక్తి మనలో ఎవరికి ఉంది? అయినా "మీ ఇంటికి బీమా ఉన్నదా?" అని అడిగితే "కరువు జిల్లాలో ఇంటికి ఏమవుతుందండీ!" అన్న జవాబే ఎక్కువగా వినబడుతుంది. బీమా ఉన్న కొద్దిమందిలో కూడా, రేపు నష్టం వస్తే కంపెనీ దేనిని బట్టి లెక్క కడుతుందో చెప్పగలిగినవారు అరుదు.

ఈ రెండో విషయం గురించే ఈ వ్యాసం. బీమా న్యాయంగా చెల్లుతుందా లేదా అన్నది క్లెయిము నాడు తేలే సంగతి అని మనం అనుకుంటాము. నిజానికి అది పాలసీ వ్రాసుకున్న నాడే చాలావరకు తేలిపోతుంది. నష్టాన్ని ఏ కొలతతో కొలుస్తారన్నదే అసలు ప్రశ్న. ఈ పాఠం మన జిల్లా రైతులు వేరుశనగ పంట బీమాలో ఎప్పుడో నేర్చుకున్నారు. ఇళ్ళున్న మనం ఇంకా నేర్చుకోవలసి ఉంది.

కరువు నేలలో వరద

మన జిల్లా సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన మనకేనని చెబుతారు. అయితే వాన తక్కువన్నంత మాత్రాన వరద రాదని కాదు. ఎండిన చెరువులోకి, పూడిపోయిన వంకలోకి నెల వాన ఒక్క రాత్రిలో కురిస్తే ఆ నీరు ఇళ్ళమీదికే వస్తుంది.

అనంతపురం చరిత్రే చెరువు కట్టతో మొదలవుతుంది. 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డంగా చెరువు కట్టించాడని, దాని రెండు వైపులా బుక్కరాయసముద్రం, అనంతసాగరం వెలిశాయని ప్రతీతి. ఆ కట్ట తెగబోతే ముసలమ్మ అనే ఇల్లాలు గండిలో ఆత్మబలి చేసుకుని ఊరిని కాపాడిందన్న కథ మన ప్రాంతంలో తెలియనివారు లేరు. కట్టమంచి రామలింగారెడ్డి గారు దీనినే "ముసలమ్మ మరణము" అనే కావ్యంగా వ్రాశారు. ఊరందరి నష్టాన్ని ఒక్క ఇల్లు మోసిన కథ అది. బీమా దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి. ఒక్క ఇంటి నష్టాన్ని ఊరందరూ తలాకొంత పంచుకోవడమే బీమా.

దగ్గరి కాలానికి వస్తే, 2021 నవంబరు వానలలో చిత్రావతి పొంగి, ప్రవాహంలో చిక్కుకున్నవారిని వాయుసేన హెలికాప్టరుతో బయటకు తీయవలసి వచ్చింది. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలోనే నడిమి వంక పొంగి పల్లపు కాలనీలు మునిగాయి. బీరువాలు, మంచాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సర్టిఫికెట్లు బురదలో కలిసిపోయాయి. ఆ కాలనీలలో పింఛనుదారుల ఇళ్ళు కూడా ఉన్నాయి.

దయ వేరు, హక్కు వేరు

పూర్వం నష్టం వస్తే దిక్కు సర్కారే. 1876–78 నాటి ధాత కరువులో ఈ దత్త మండలాలలో లెక్కకందనంతమంది చనిపోయారు. అటు తరువాత 1880లో కరువు కమిషన్ నివేదిక, దానిననుసరించి కరువు నియమావళి వచ్చాయి. శిస్తులో వజా ఇచ్చినా, కరువు పనులు పెట్టినా, ఇల్లు కాలినవారికి, కూలినవారికి తక్షణ సహాయం ఇచ్చినా, అవి ప్రభుత్వం దయతో చేసేవి. దానికి జి.ఓ. రావాలి, నిధులు రావాలి, జాబితాలో పేరు ఎక్కాలి. ఆ సహాయం ప్రాణం నిలబెట్టుకోవడానికే గానీ ఇల్లు తిరిగి కట్టుకోవడానికి చాలదు. బీమా అలాంటిది కాదు, అది ఒప్పందం. ప్రీమియం కట్టినవాడికి అడిగే హక్కు ఉన్నది. అయితే ఆ హక్కు ఎంత అన్నది ఒప్పందంలో వ్రాసిన కొలతను బట్టే ఉంటుంది.

వేరుశనగ నేర్పిన పాఠం

మన పొరుగున ఉన్న మైసూరు సంస్థానంలో పనిచేసిన జె.ఎస్. చక్రవర్తి గారు 1920లో వ్యవసాయ బీమాపై ఒక పుస్తకం ప్రచురించారు. ఒక్కొక్క రైతు పొలానికి పోయి నష్టం లెక్కకట్టడం సాధ్యం కాదు గనుక వానమాపకంలో పడిన నీటిని బట్టి పరిహారం ఇవ్వాలన్నది ఆయన ఆలోచన. ఇది వెంటనే అమలుకు రాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1972–73లో జనరల్ ఇన్సూరెన్స్ సంస్థ గుజరాత్ ప్రత్తి రైతులతో మొదలుపెట్టి, ఎవరి పొలం నష్టం వారికే లెక్కగట్టే పద్ధతిని కొన్ని రాష్ట్రాలలో ప్రయత్నించింది. 1978–79 వరకు అందులో చేరినది 3,110 మంది రైతులు. వచ్చిన ప్రీమియం 4.54 లక్షలు, చెల్లించిన క్లెయిములు 37.88 లక్షలు. అలా నడవదని తేలింది.

అప్పుడు ఆచార్య వి.ఎం. దండేకర్ గారు సూచించిన ప్రాంతీయ పద్ధతిని తీసుకున్నారు. 1985 ఖరీఫ్‌లో సమగ్ర పంటల బీమా పథకం మొదలైంది. పంట రుణంతో పాటే బీమా, నూనెగింజలకు ప్రీమియం నూటికి ఒక్క రూపాయి. మన రాష్ట్రంలో మండలాలు ఏర్పడినదీ ఆ సంవత్సరమే. మండల కార్యాలయంలో పంటకోత ప్రయోగాల పట్టికలు తయారుచేసిన గుమస్తాలలో నేనొకణ్ణి. లాటరీ వేసినట్లు ఎంపికైన పొలంలో ఐదు మీటర్ల చదరం కొలిచి, అందులోని కాయలు త్రూచి, ఆ తూకాన్ని ఫారంలో వ్రాసేవారు. ప్రాంతం మొత్తం మీద సగటు దిగుబడి నిర్ణయించిన మట్టం కంటే తగ్గితేనే పరిహారం. తగ్గకపోతే ఎవరి పొలం ఎండినా పైసా రాదు.

కచేరీకి వచ్చి "నా చేను చూడండి సారూ, ఒక్క కాయ లేదు" అన్న రైతుకు నేను చూపించగలిగినది సగటు అంకె మాత్రమే. అతనిది అబద్ధం కాదు, పట్టికలోనూ తప్పు లేదు. అతను తన చేనుకు బీమా ఉందనుకున్నాడు, ఒప్పందం మాత్రం ప్రాంతపు సగటుకు జరిగింది. 1985 నుండి 1999 వరకు ఈ పథకం కింద దేశమంతటా వచ్చిన ప్రీమియం సుమారు 404 కోట్లు, చెల్లించిన క్లెయిములు సుమారు 2,303 కోట్లు. అంటే డబ్బు ఇవ్వలేదన్న మాట నిలవదు. ఇచ్చినా రైతుకు అసంతృప్తి మిగిలింది, కారణం కొలతే.

తరువాతి చరిత్ర అంతా ఆ కొలతను సరిదిద్దుకునే ప్రయత్నమే. 1999–2000 రబీలో జాతీయ వ్యవసాయ బీమా పథకం వచ్చింది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వానమాపకం ఆధారంగా ఒక ప్రైవేటు కంపెనీ బీమా మొదలై, ఆ తరువాత మన జిల్లాకూ వచ్చింది. చక్రవర్తి గారి ఆలోచన ఎనభై మూడేళ్ళకు మన నేల మీద కాలు పెట్టిందన్నమాట. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ముఖ్య పంటలకు యూనిట్‌ను గ్రామం దాకా తగ్గించారు. వడగళ్ళు, ముంపు వంటి వాటికి 72 గంటలలో తెలియజేస్తే ఆ రైతు పొలాన్నే చూసి లెక్క కట్టే ఏర్పాటు కూడా చేశారు.

గుడిసెకు ఒక లెక్క, పాలసీకి ఒక లెక్క

ఇళ్ళ సంగతికి వస్తే, పేదల గుడిసెలకు కేంద్ర ప్రభుత్వం 1988 మే 1 నుండి గుడిసెల బీమా పథకం పెట్టింది. ప్రీమియం ప్రభుత్వమే కట్టింది. నిప్పుకు కొట్టం కాలిపోతే కొట్టానికి వెయ్యి రూపాయలు, లోపలి సామానుకు అయిదు వందలు. పాలసీ కాగితం లేదు, విలువ కట్టడం లేదు. మొత్తం చిన్నదే, అయినా వివాదం తక్కువ. ఎందుకంటే ఎంత వస్తుందో అందరికీ ముందే తెలుసు.

మధ్యతరగతివారి పాలసీలో అలా కాదు. 1938 బీమా చట్టం, 1968లో దానికి జరిగిన సవరణ, 1973 జనవరి 1న 107 కంపెనీలను కలిపి నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా మార్చిన జాతీయీకరణ, 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీల రాక, ఇన్ని మార్పులు జరిగినా అగ్నిప్రమాద పాలసీలో ఒక నిబంధన మాత్రం కదలకుండా నిలిచింది. దానిని యావరేజ్ క్లాజు అంటారు. ఇంటి పూర్తి విలువకు గాక తక్కువకు బీమా చేస్తే, నష్టంలో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుందని దాని సారాంశం.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి విషయం చెబుతాను. ఇంటి అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకువారు అప్పు మొత్తానికి, అంటే 6 లక్షలకు, దీర్ఘకాలపు పాలసీ ఇప్పించారు. ఆ ఇల్లు తిరిగి కట్టాలంటే 18 లక్షలు అవుతుంది. 2022 వరదలో ఇంటికి జరిగిన నష్టం లక్షన్నర. "ఆరు లక్షల పాలసీ ఉంది గదా, లక్షన్నర రాదా?" అని ఆయన ధీమాగా ఉన్నారు. కంపెనీ లెక్క వేరు. విలువలో మూడో వంతుకే బీమా ఉన్నది గనుక నష్టంలో మూడో వంతు, అంటే 50 వేలే వస్తుందన్నారు. అందులోనూ కొంత మినహాయింపు. సామానుకు అసలు బీమాయే లేదు. వరుసగా పదేళ్ళు ప్రీమియం కట్టినా, ఆ కాగితంలో ఏమున్నదో ఆయనకు చదివి చెప్పినవారు ఒక్కరూ లేరు.

2021లో వచ్చిన మార్పు

బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. (ఇది హైదరాబాదులోనే ఉన్నది) 2021 ఏప్రిల్ 1 నుండి "భారత్ గృహ రక్ష" అనే ప్రామాణిక పాలసీని అమలులోకి తెచ్చింది. అగ్ని బీమా చేసే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ దీనిని ఇవ్వవలసిందే. కంపెనీ పేరు మారుతుంది గానీ లోపలి షరతులు ఒక్కటే. ముఖ్యాంశాలు ఇవి.

మొదటిది, విలువ కట్టే పద్ధతి. ఇంటి కార్పెట్ ఏరియాను ఈనాటి నిర్మాణ ఖర్చుతో హెచ్చవేసి బీమా మొత్తాన్ని నిర్ణయిస్తారు. స్థలం విలువ ఇందులో చేరదు. స్థలం కాలదు, కొట్టుకుపోదు గదా. మన పట్టణంలో కొన్ని వీధులలో ఇంటికంటే స్థలానికే ధర ఎక్కువ. అమ్మకపు ధరను బీమా మొత్తంగా వ్రాయిస్తే అనవసరపు ప్రీమియం కట్టడమే.

రెండవది, యావరేజ్ క్లాజును తీసివేశారు. ఇంటి కొలతలు నిజం చెప్పినవారికి, బీమా మొత్తం తక్కువైనా, ఆ మొత్తం మించకుండా నష్టం పూర్తిగా చెల్లించాలి. పైన చెప్పిన మిత్రునికి ఈ పాలసీ ఉండి ఉంటే కోత లేకుండా లక్షన్నర లెక్కకు వచ్చేది.

మూడవది, ఇంటికి బీమా చేస్తే సామానుకు కూడా ఇంటి మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతటదే వర్తిస్తుంది. ఇంకా ఎక్కువ కావాలంటే జాబితా ఇచ్చి అదనంగా చేయించుకోవచ్చు. పాలసీని ఒకేసారి పదేళ్ళ వరకు తీసుకోవచ్చు.

ఏది వస్తుంది, ఏది రాదు

నిప్పు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద ముంపు, నేల కుంగడం, అల్లర్లు, నీళ్ళ ట్యాంకు లేదా పైపు పగలడం వంటివి ఇందులో ఉన్నాయి. రానివి కూడా తెలుసుకోవాలి. కాలం గడిచి పాతబడినందువల్ల వచ్చే నష్టం రాదు. కట్టడంలోని లోపం వల్ల, కొత్త ఇల్లు సర్దుకోవడం వల్ల, పోసిన మట్టి దిగడం వల్ల వచ్చిన పగుళ్ళు రావు. గుత్తి, ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడిలో ఇళ్ళు కట్టుకున్నవారు ఇది ముఖ్యంగా గమనించాలి. గోడ ఏటేటా కొంచెం కొంచెం విచ్చుకుంటే అది క్లెయిము కాదు, మేస్త్రీ పని.

దొంగతనం విషయంలో చాలామంది పొరబడతారు. వరదో, అగ్నిప్రమాదమో జరిగి, దాని మూలంగా ఏడు రోజులలోపు సామాను దొంగతనమైతేనే ఈ పాలసీ వర్తిస్తుంది. తాళం పగలగొట్టి చేసే మామూలు దొంగతనానికి విడిగా బీమా తీసుకోవాలి. బంగారం కూడా అంతే, విలువ కట్టించి విడిగా వ్రాయించాలి.

మనలో చాలామంది సంవత్సరంలో కొన్ని నెలలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో పిల్లల దగ్గర గడుపుతుంటారు. పాత అగ్ని పాలసీలలో ఇల్లు 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే బీమా ఆగిపోతుందన్న షరతు ఉన్నది. కావున ఏ పాలసీ తీసుకున్నా ఇల్లు మూసి పోయే అలవాటు ఉన్నదని ముందే కాగితం మీద తెలియజేసి, జవాబు కూడా కాగితం మీదే తీసుకోవాలి. పైకప్పు ఆర్.సి.సి.యా, తాడిపత్రి బండలా, పాత మట్టిమిద్దెయా, వెనుక రేకుల కొట్టం ఉన్నదా అన్నదీ దాచకూడదు. దాచినది క్లెయిము నాడు తప్పక బయటపడుతుంది.

కంపెనీని ఎంచుకోవడం

షరతులు ఒక్కటే అయినప్పుడు మనం పోల్చవలసినవి ప్రీమియం, చెల్లింపు తీరు. కంపెనీల క్లెయిముల అంకెలు నియంత్రణ సంస్థ వార్షిక నివేదికలో అచ్చవుతాయి. అందులో ఒక మెలకువ ఉన్నది. నూటికి ఎన్ని క్లెయిములు పరిష్కరించారన్నది ఒక్కటే చూస్తే చాలదు. లక్ష అడిగిన చోట పాతిక వేలిచ్చినా అది "పరిష్కరించిన" క్లెయిమే. కనుక వీలైతే ఎంత మొత్తం అడిగితే ఎంత చెల్లించారో కూడా చూడాలి. అలాగే మన ఊరిలో కార్యాలయం ఉన్నదా, క్లెయిము పడినవారు మన సంఘంలో ఎవరైనా ఉన్నారా అని విచారించడం ఏ ప్రకటన కంటే నమ్మకమైనది.

నష్టం జరిగిన నాడు

ముందుగా కంపెనీకి తెలియజేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. అగ్నిప్రమాదమైతే ఫైర్ స్టేషన్‌కు, దొంగతనమైతే పోలీసులకు వ్రాతపూర్వకంగా ఇవ్వండి. గోడమీద నీరు ఎంత ఎత్తు వచ్చిందో తెలిసేలా ఫోటోలు తీయించండి. సర్వేయరు వచ్చి చూసేదాకా పాడైన సామాను పారవేయవద్దు. ఈ సర్వేయరు మన రెవెన్యూ సర్వేయరు కాదు, బీమా నష్టం లెక్కకట్టే లైసెన్సు పొందినవాడు. ఆయన వచ్చినప్పుడు ఇంటి ప్లాను, పన్ను రసీదు, కొన్న బిల్లులు ఒక ఫైలుగా పెట్టి, ఇచ్చినవాటికి జాబితా వ్రాసి సంతకం తీసుకోవాలి. నలభై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన మనకు ఇది చెప్పవలసిన పని లేదు. సర్వే నివేదిక ప్రతిని అడిగి తీసుకునే హక్కు మనకున్నది. కోత ఎక్కడ పడిందో అందులోనే కనబడుతుంది. క్లెయిము ఫారం 30 రోజులలోపు ఇవ్వాలి.

కంపెనీ కాదన్నా, తక్కువ ఇచ్చినా ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా ఏడాదిలోపు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1998లో మొదలైన ఈ ఏర్పాటులో ఫీజు లేదు, ప్లీడరు అవసరం లేదు. 2023 సవరణ తరువాత 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉన్నది. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. మనకు నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు. ఇంకా నియంత్రణ సంస్థవారి టోల్ ఫ్రీ నంబరు 155255 ఉన్నది.

సభ్యులకు విన్నపం

ఈ సంచిక చేతికి వచ్చిన వారంలోనే మీ పాలసీ కాగితం బయటకు తీయండి. బ్యాంకు అప్పుతో వచ్చిన పాలసీ అయితే ప్రతిని బ్యాంకులో అడిగి తెచ్చుకోండి. అందులో ఐదు విషయాలు ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టండి. బీమా మొత్తం ఎంత, అది దేని విలువ, యావరేజ్ క్లాజు ఉన్నదా, సామాను చేరిందా, గడువు ఎప్పుడు. ఇంగ్లీషు అక్షరాలు చిన్నవిగా ఉంటే మనవడి చేతనో, మనవరాలి చేతనో చదివించుకోండి. ఆ కాగితం ఎక్కడ దాచారో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. మన తదనంతరం ఆ ఇంటిలో ఉండబోయేది వారే. పాలసీ లేనివారు భారత్ గృహ రక్ష ప్రీమియం ఎంతో రెండు మూడు కంపెనీలలో విచారించి నిర్ణయించుకోవలసిందిగా కోరుతున్నాను.